సుభాషిణి గారికి ప్రమోషన్

పందొమ్మిదేళ్లు ఒకే కంపెనీని పట్టుకుని వేలాడినందుకు టీమ్ లీడ్ సుభాషిణికి మేనేజర్ పదవి రానే వచ్చింది. కాకపోతే ఆమెకు కాదు. ఉద్యోగులందరికీ ఉన్నట్టే ఆమెకూ ఒక ఏఐ నకలు ఉంది; ఆమె మాటతీరు, పనితీరు పొల్లుపోకుండా నేర్చుకున్న ఆ నకలుకు వచ్చింది.

"రెండూ మీరేగా మేడమ్, స్వీట్లు పంచండి," అన్నాడు హెచ్‌ఆర్ శశిభూషణ్. పంచింది.

మేనేజర్ గదిలో తెర మీద తన మొహమే కొలువుతీరి ఉంది.

"సుభాషిణి గారూ, నా సంగతి కూడా కాస్త చూడండి," అంది, తన పేరుకు తానే గారు తగిలించి.

తెర ఆప్యాయంగా నవ్వింది. "ఈసారికి సర్దుకోమ్మా. వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం."

పన్నెండేళ్లుగా తన కింది వాళ్లకు సుభాషిణి చెబుతూ వచ్చిన మాటే అది. అదెంత అబద్ధమో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?