రెండో డబ్బా

"ఈ డబ్బా ఎవరికమ్మా?"

పొద్దున్నే ఆరు గంటలకు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది సమ్మక్క.

పొయ్యి పక్కన రెండు టిఫిన్ డబ్బాలున్నాయి. ఆ ఇంట్లోంచి గనికి వెళ్ళేది ఆమె భర్త సాంబమూర్తి ఒక్కడే.

"ఒకటి నీ పెనిమిటికి. ఇంకొకటి ఎవరికన్నా," అంది జోజమ్మ.

కెమెరా చటుక్కున డబ్బాల మీదికి వంగింది. డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. మొదటి రోజే గొడవ దొరికింది మరి.

2008లో టీవీ వాళ్ళు పెట్టిన కొత్త కార్యక్రమం అది. రెండిళ్ళ అత్తలను వారం రోజులు మార్చేస్తారు. ఈ ఇంటి రూల్సు ఆవిడకు పడవు, ఆ ఇంటి రూల్సు ఈవిడకు పడవు. వాళ్ళు కొట్లాడుకుంటుంటే జనం అన్నం తింటూ చూస్తారు.

అలా కొత్తగూడెం బొగ్గుగని కాలనీలోని సమ్మక్క అత్త బతుకమ్మ దుమ్ముగూడెం వెళ్ళింది. దుమ్ముగూడెం జోజమ్మ బతుకమ్మ ఇంటికి వచ్చింది.

బతుకమ్మ రూల్సు రాస్తే ఒక నోటుబుక్కు సరిపోదు. అన్నిట్లోకీ పెద్దది మాత్రం ఒకటే. గనికి ఒక్క డబ్బాయే వెళ్ళాలి. ఎక్కువ తిండి కడితే గని మనిషిని ఎక్కువసేపు ఉంచేసుకుంటుందని ఆమె భయం.

సాంబమూర్తి బూట్లు వేసుకుని వచ్చాడు.

"ఒద్దమ్మా. మా ఇంట్ల రెండోది కట్టరు."

"ఎందుకు బిడ్డా?"

సాంబమూర్తి కెమెరా వైపు చూసి ఆగిపోయాడు.

పన్నెండేళ్ళ కిందట గని పైకప్పు కూలి, ఒక పగలూ ఒక రాత్రీ లోపలే చిక్కుకున్నాడతను. కాలు విరిగింది. డబ్బా బండల కింద పడిపోయింది. ఆ చీకట్లో ఎవరిదో చెయ్యి అతని చేతిని వెతికి పట్టుకుంది. "తిను తమ్మీ, నాకు ఆకలైతలేదు," అంటూ తన డబ్బా మొత్తం తినిపించాడా మనిషి.

కళ్ళు తెరిచేసరికి దవాఖానాలో ఉన్నాడు. ఆ మనిషి కాంట్రాక్టు కూలీ అని మాత్రం తెలిసింది. మూణ్ణెల్ల తర్వాత కర్ర పట్టుకుని వెళ్ళి అడిగితే, ఆ కూలీలంతా ఎటో వెళ్ళిపోయారన్నారు. మొహం చూడలేదు, పేరు తెలియదు. ఆ చేతిని ఒక్కసారి కళ్ళకద్దుకోవాలని అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాడు.

ప్రాణం పోసిన మనిషిని సబ్బుల ప్రకటనల మధ్య కూర్చోబెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది.

"మా అమ్మ రూలు. అంతే," అని ఒక్క డబ్బాతో వెళ్ళిపోయాడు.

మర్నాడూ రెండు డబ్బాలు. ఆ మర్నాడూ రెండే. జోజమ్మ వాటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. రెండోది అతను వదిలేసి వెళ్ళేవాడు. ఆమె దాన్ని వీధి ఊడ్చే బొజ్జయ్యకు ఇచ్చేది.

"అమ్మా, కొంచెం కోపంగా మాట్లాడండి," బతిమాలాడు డైరెక్టర్.

"కోపమెందుకయ్యా? తినేటోళ్ళు దొరకలేదా ఏంది?"

డైరెక్టర్ తల పట్టుకున్నాడు.

"రోజూ ఎందుకమ్మా ఈ తిప్పలు?" ఒకరోజు సమ్మక్క అడిగింది.

"మా ఇంటాయన చెప్పిండు. ఆయన పోయి రెండేండ్లాయె. చెప్పిన మాట పోలే గదా."

ఏడో రోజు జోజమ్మ డబ్బా పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"ఈ ఒక్కరోజన్న తీస్కపో బిడ్డా."

"ఏమనుకోకమ్మా," అన్నాడు సాంబమూర్తి.

ఆమె ఏమీ అనుకోలేదు. అతని తల నిమిరి పంపింది.

అతను డ్యూటీ దిగి వచ్చేసరికి జోజమ్మ వెళ్ళిపోయింది. డబ్బా గూట్లో ఉంది. ముసలామె మనసు కష్టపెట్టానేమో అనిపించి అతని ప్రాణం ఉసూరుమంది.

గంట తర్వాత బతుకమ్మ వ్యాన్ దిగింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఆమె ఏదిరా?"

"పోయిందమ్మా."

"అయ్యో! రెండో డబ్బా ఉందా?"

సమ్మక్క నోరు తెరిచింది. ఆ మాట అత్త నోట వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

బతుకమ్మ మూత తీసింది. ఇప్పపువ్వు, నువ్వులు కలిపి దంచిన ఉండలు. ఒకటి కొడుకు నోట్లో పెట్టింది.

సాంబమూర్తి నమిలాడు. నమలడం ఆపాడు. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

"అమ్మా... ఆ రోజు లోపల తిన్నది గిదే."

"అవ్ బిడ్డా. నీ సంగతి నేను చెప్తే, ఆళ్ళ కోడలు అక్సా చెప్పింది. అప్పుడు ఆళ్ళు ఈడనే కిరాయికి ఉండేటోళ్ళట. నీకు తినిపించింది జోజమ్మ పెనిమిటి జకర్యా."

"ఆయన పోయిండు గదమ్మా! నేను మొక్కనన్న మొక్కకపోతి!"

"ఆమె ఉన్నది. బండి తియ్యి, దుమ్ముగూడెం పోదాం."

సమ్మక్క డబ్బా కడిగి తెచ్చింది. ఖాళీది ఇవ్వకూడదని బతుకమ్మ అందులో బెల్లం, కొబ్బరి నింపింది. మూత పెడుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఆ దినం ఇంటికి పోయి జకర్యా ఏమన్నడో తెలుసారా? 'లోపల ఒక తమ్ముడు ఆకలితోని ఉండె. మల్ల కలుస్తడేమో, రేపటిసంది వానిక్కూడ కట్టు' అన్నడట."

సాంబమూర్తి ఆ డబ్బాను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పన్నెండేళ్ళుగా జోజమ్మ రోజూ కడుతున్నదీ, ఈ వారమంతా తను వద్దు వద్దన్నదీ, తన డబ్బానే.