పదో షరతు

“మూడేళ్ళ దాకా మానెయ్యకూడదా? ఇది ఉద్యోగమా, జైలా సార్?” అంటూ తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు.

ఆస్పత్రి మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు. “అందరికీ ఇదే కాంట్రాక్టండీ. మేం పని నేర్పిస్తాం. నేర్చుకోగానే ఇంకో ఆస్పత్రికి ఎగిరిపోతారు. మరి మేమేం కావాలి?”

తండ్రి పక్కన కొత్త నర్సు కూర్చుంది. చేతిలో పెన్ను, ఎదురుగా కాగితం. చదువు అయ్యాక ఇదే తొలి ఉద్యోగం. ఇందాక లోపలికొస్తూ పిల్లల వార్డు గోడల మీద ఏనుగు బొమ్మలు చూసి అక్కడే మనసు పారేసుకుంది కూడా. అయినా పెన్ను కదలడం లేదు.

తండ్రి పాత ఫర్నిచర్ వ్యాపారి. బేరమాడకుండా పూచికపుల్ల కూడా కొని ఎరగడు. అలవాటు కొద్దీ మేనేజరు బల్లని వేళ్ళతో టకటకా కొట్టి చూశాడు. చెక్క కాదు, ఉత్త అట్ట. దాంతో ఆయనకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“మా అమ్మాయి సంగతి మీకు తెలీదు. ఇది సూది వేస్తే ఎంత ఏడుపుగొట్టు పిల్లాడైనా ‘ఇంకా వెయ్యలేదా?’ అని అడగాల్సిందే. అలాంటి చెయ్యి మీకు మళ్ళీ దొరకదు. ఒక్క ఏడాది. అంతే.”

“రెండు,” అన్నాడు మేనేజరు.

హెడ్ నర్సు తలుపు తోసి తల లోపలికి పెట్టింది. “సార్, ఆ పిల్ల సంతకం పెట్టిందా? వార్డులో ఒక్కదాన్నే చస్తున్నాను!”

మేనేజరు నిట్టూర్చి మూడు కొట్టేసి ఒకటి వేశాడు.

తండ్రి మీసం దువ్వుకుంటూ కూతురి వంక చూశాడు. పెన్ను కదల్లేదు. కూతురి చూపు కాగితం కింది భాగంలో ఎక్కడో ఆగిపోయింది.

“ఓహో, సర్టిఫికెట్ల గొడవా?” అన్నాడు తండ్రి అర్థమైనట్టు తలాడించి. “ఒరిజినల్స్ మీ బీరువాలో పెట్టుకోవడమేంటి సార్? ఇదేమైనా దొంగతనం చేసిందా?”

“జిరాక్సులు చాలు లెండి,” అని ఇంకో గీత కొట్టాడు మేనేజరు.

పెన్ను అలాగే ఉంది.

“హాస్టల్లోనే ఉండాలట! మా ఇల్లు రెండు వీధుల అవతల. కిటికీలోంచి కేకేస్తే వినిపిస్తుంది.”

“ఇంటి నుంచే రానివ్వండి,” అని మరో గీత కొట్టి, తన పెన్ను బల్ల మీద పడేశాడు మేనేజరు. “ఇంకేం మిగిలిందండీ ఇందులో? ఆస్పత్రి పేరూ, నా సంతకమూను! ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పి వెళ్ళండి.”

తండ్రి తన ఆఖరి అస్త్రం తీశాడు. “పద తల్లీ, వేరే చోట చూసుకుందాం,” అని లేచి నడిచాడు. ఇలా నడిస్తే గుమ్మం దాటకముందే అవతలివాడు వెనక్కి పిలవాలి. మేనేజరు పిలవలేదు. చెయ్యి చాచి కాగితం వెనక్కి లాక్కోబోయాడు.

కొత్త నర్సు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టేసుకుంది.

“వద్దు సార్! నాకు ఈ ఉద్యోగం కావాలి. మూడేళ్ళన్నా చేస్తాను. హాస్టల్లో అన్నా ఉంటాను,” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తండ్రి గుమ్మం దగ్గరే బిక్కమొహం వేశాడు. “మరి ఇంతసేపూ మాట్లాడవేమే? నా గొంతు ఆరిపోయింది కదే!”

ఆమె చిట్టచివర ఉన్న పదో షరతు మీద వేలు పెట్టింది. మేనేజరు వంగి చదివాడు. ఆమె మొహం చూశాడు. మళ్ళీ చదివాడు. నవ్వు ఆపుకోలేక రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇది మాత్రం నేను కొట్టెయ్యలేనమ్మా. నాకే తప్పలేదు.”

“ఏముంది అందులో?” అంటూ తండ్రి గాభరాగా వెనక్కొచ్చాడు.

కూతురు తల ఎత్తకుండా, ఆయనకి మాత్రమే వినపడేలా గొణిగింది.

“చేరిన రోజే టీకా వేస్తారంట. సంతకం పెట్టేస్తాను గానీ నాన్నా, సూది పొడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటావా?”