తగిలీ తగలనట్టు

కాలు తగిలిందో లేదో మైలిస్‌కి తెలియలేదు.

కాలు గాలిలోకి లేవడం చూసింది. ఫైనల్లో తనకి ఎదురు నిలిచిన కుంబా చెంప దాకా వెళ్లడమూ చూసింది. మరుక్షణం కుంబా మ్యాట్ మీద బోర్లా పడి ఉంది. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో చెప్పాల్సింది కాలు. ఆ కాలేమో కర్రముక్కలా ఉంది. సెమీఫైనల్లో బెణికి వాచిన పాదం మీద కోచ్ రెజీ మంచు స్ప్రే డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. నొప్పి పోయింది. దాంతోపాటు పాదమూ పోయినట్టయింది.

హాలంతా గగ్గోలు. రిఫరీ చెయ్యి అడ్డం పెట్టి ఆట ఆపాడు, డాక్టర్ని పిలిచాడు.

కరాటేలో మొహం మీద తన్ను పడితే మూడు పాయింట్లు. కానీ ఆ తన్ను పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు ఉండాలి. కాస్త గట్టిగా తగిలిందా, తన్నినవాళ్లని బయటికి పంపేసి పడ్డవాళ్లని గెలిపిస్తారు. రెండు పాయింట్లు వెనకబడి, ఆట ముగిసే ముందు తెగించి తన్నిన తన్ను అది. నిమిరి ఉంటే ఫ్రాన్స్ ఛాంపియన్ పట్టం మళ్లీ మైలిస్‌దే. లేకపోతే సంచీ సర్దుకుని ఇంటికే.

పైగా ఇంకో చిక్కు. ఎదుటి మనిషి దెబ్బ తిని పడిపోతే, కొట్టిన మనిషి మ్యాట్ అంచుకి పోయి, అటు వీపు తిప్పి మోకాళ్ల మీద కూర్చోవాలి. పడ్డవాళ్ల అవస్థ చూడకూడదు. అది మర్యాద. మైలిస్ వెళ్లి కూర్చుంది. కాలు చెప్పదు, కళ్లతో చూసే వీల్లేదు.

ఎదురుగా, మ్యాట్ బయట కుర్చీలో రెజీ ఉన్నాడు.

"తగిలిందా?" అన్నాడు పెదాలు కదపకుండా.

"నన్నడుగుతావేంటి? చూస్తున్నది నువ్వు."

"రిఫరీ అడ్డమొచ్చి చచ్చాడు. నీ కాలు సంగతి నీకు తెలీదా తల్లీ?"

"ఏ కాలు?"

రెజీ నుదురు కొట్టుకున్నాడు.

పైన గ్యాలరీలో కుంబా ఊరివాళ్లు లేచి నిలబడ్డారు. "కసాయిదానా! పిల్లని చంపేశావు కదే!" అని ఒకావిడ. "గెంటండి దాన్ని బయటికి!" అని ఇంకెవరో. మైలిస్‌కి కోపం రాలేదు. భయమూ వెయ్యలేదు. పాదం దగ్గర మొదలైన మొద్దుబారడం ఎప్పుడు గుండె దాకా పాకిందో మరి. తిడుతున్నారని తెలుస్తోంది, అంతే.

"ఏమవుతోంది?" అంది.

"డాక్టరు దవడ పట్టుకు చూస్తున్నాడు. నొప్పుందా అంటున్నట్టున్నాడు. తల అడ్డంగా ఊపుతోంది."

"సరిగ్గా చూడు."

"చూస్తున్నానే! నోరు తెరవమన్నాడు, తెరిచింది. పళ్లకి తొడుక్కున్న మౌత్‌గార్డు తెల్లగా మెరుస్తోంది. నెత్తురూ లేదు, పాడూ లేదు. అది తియ్యమన్నట్టున్నాడు... అక్కర్లేదని చెయ్యి ఊపేసింది. లేచింది తల్లీ! తూలను కూడా తూలలేదు!"

రెజీ మొహం వెలిగింది. మైలిస్‌కి మాత్రం ఎవరో పక్కింటివాళ్ల కబురు విన్నట్టుంది.

రిఫరీ పిలిచాడు. తిరిగి చూస్తే కుంబా తన గీత దగ్గర నిటారుగా నిలబడి ఉంది. రిఫరీ మైలిస్ వైపు చెయ్యెత్తి మూడు పాయింట్లూ ఇచ్చేశాడు. ఆ మిగిలిన కాస్త సేపూ కుంబా పిచ్చిదానిలా మీద పడింది. ఒక పిడికిలి మైలిస్ చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఇంకోటి వచ్చేలోపు గంట మోగింది.

రెజీ గంతులేస్తూ వచ్చి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. "చూశావా? నీ పాదానికి ప్రాణం లేకపోయినా బుద్ధుంది! ఎంత సున్నితంగా తాకావే!"

"ఊఁ," అంది మైలిస్. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. స్ప్రే దిగాక వస్తుందిలే అనుకుంది.

పతకాల మెట్లు పక్కనే సిద్ధంగా ఉన్నాయి. అప్పటికప్పుడే ఎక్కించారు. జెండా లేచింది, జాతీయగీతం పాడారు, బంగారు పతకం మెడలో పడింది. బరువుగా ఉందని తెలిసింది. కింది మెట్టు మీద కుంబా పెదాలు బిగించుకుని నిలబడింది. ఓడిపోయిన పిల్ల, ఉడుకుమోత్తనం ఉండదా మరి.

"అమ్మాయిలూ, ఇటు! నవ్వాలి!" అని కేకేశాడు ఫోటోగ్రాఫరు. "ఏమమ్మా ఛాంపియన్, గెలిచిన మొహమేనా అది?"

మైలిస్ పెదాలు సాగదీసింది. కుంబా అదీ చెయ్యలేదు.

మైలిస్ వంగి, "గట్టిగా తగల్లేదు కదా?" అని అడిగింది.

కుంబా తల అడ్డంగా ఊపింది.

"మరి ఆ మౌత్‌గార్డు ఇంకా నోట్లోనే ఉంచుకున్నావేంటి? తీసెయ్, ఫోటోలో మూతి ఉబ్బెత్తుగా పడుతుంది."

కుంబా ఒక క్షణం ఆమె వంక చూసింది. తర్వాత అరచెయ్యి అడ్డం పెట్టి మౌత్‌గార్డు తీసింది. ముందుపళ్లు రెండు దాంతోపాటే వచ్చేశాయి. వాటి వెనకే నెత్తురు.

"అయ్యో! ఒక్కమాట చెప్పుంటే నువ్వే గెలిచేదానివి కదే!"

కుంబా గుటక మింగింది. పళ్ల సందులోంచి గాలి పోతుంటే మాటలు కూడదీసుకుంది.

"తన్నులు తిని గెలిచిందనిపించుకోను. పతకం నీ దగ్గర ఉంచు మైలిస్, వచ్చే ఏడు కొట్టి తీసుకుంటాను."