పెద్దావిడ ఎవరు?

తాళి కట్టాక ప్రణీత్ నేరుగా వెళ్లి పెళ్లికూతురి మేనత్త లాస్య కాళ్లకు దణ్ణం పెట్టాడు, ఇంటికి పెద్దావిడ అనుకుని. అతని తప్పేం లేదు. పళ్లు తోముకున్నంత మామూలుగా అందరూ ముఖానికి ముడతలు పోయే క్రీము రాసుకునే కాలమది. లాస్యకు అది పడదు. ఆ మంటపంలో కళ్ల చివర గీతలున్న మనిషి ఆమె ఒక్కతే.

"నాక్కాదు బాబూ, ముందు మా అమ్మకి!" అంది లాస్య కంగారుగా.

ప్రణీత్ కుర్చీల వరస వైపు చూశాడు. అన్నీ నున్నటి ముఖాలే.

"ఎవరండీ?"

వరస చివర ఎనభై రెండేళ్ల హరిత, కొంగు కింద దాచుకున్న చేతులు మెల్లగా బయటికి తీసింది. మచ్చలు, ముడతలు, ఉబ్బిన నరాలు.

ప్రణీత్ వంగాడు. ఆ చేతులు అక్షింతలు వేశాయి.

"రేపట్నుంచి ఆ క్రీము చేతులకీ రాస్తామంటున్నారు మావాళ్లు," అంది హరిత. "నువ్వైనా వద్దని చెప్పు నాయనా."