మామిని వంతు

రచన టీచర్, పోయిన నెల రజ పండుగ రోజు మీరు మా చెల్లెలు మామినితో చెప్పులు విప్పించి మొక్కలకు గుంతలు తవ్వించారు.

ఆ పండుగ మూడు రోజులూ భూదేవికి నెలసరి అని మా ఒడిశాలో ఎవరూ నేల తవ్వరు. ఆడపిల్లలు ఒట్టి కాళ్లతో నడవరు. వాళ్లకు ఆ మూడు రోజులూ కొత్త బట్టలు, పిండివంటలు. మామిని మీకు అదే చెప్పింది.

మీరు క్లాసంతా వినేలా నవ్వారు. "భూమికి పీరియడ్స్ ఏంది పిల్లా? గివన్నీ మీ ఊర్లనే పెట్టుకో. నేను సైన్స్ చెప్పేదాన్ని."

పోయినేడు మీ బడి బతుకమ్మకు ముత్తంగి ఊరి దాకా పోయి తంగేడు పూలు తెచ్చింది ఈ పిల్లే. ఇప్పుడు పోరగాళ్లు "ఏ ఒడియా, ఇయ్యాల భూమికి ఎట్లుందే?" అని వెంటపడుతున్నారు. అమ్మ ఒడియాలో పిలిస్తే మామిని పలకడం మానేసింది. అమ్మకు వేరే భాష రాదు.

షిఫ్టు దిగి మీతో మాట్లాడాలని వస్తే వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. అందుకే ఈ కార్డు రాసి అతని చేతిలో పెడుతున్నాను.

నిన్న ప్రార్థనలో సరస్వతి పటం ముందు దీపం వెలిగించే వంతు మామినిది. తనకు నెలసరి వచ్చిందని మీ చెవిలో చెప్పింది. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు.

మీరేమన్నారు? "అయ్యో, జెర దూరం జరుగు. పటం ముట్టకు."

రేపు కూడా ఆమెకు నెలసరే. రేపు దీపం ఆమే వెలిగించాలి. ఒప్పుకుంటారో లేదో ఇవాళ బడి వదిలేలోగా చెప్పండి. గేటు బయటే ఉంటాను.