పాతర మూలలు

"మూలల్లో గాలి ఉండిపోతోందమ్మా!"

ఆవుల మేత నిలవచేసే పాతరలో మొక్కజొన్న చొప్ప ముక్కలు తొక్కుతున్న ఆమె చిర్రెత్తుకొచ్చి తలెత్తింది.

గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి. నెరిసిన గడ్డం, మందపాటి కళ్ళద్దాలు, భుజాన సంచీ.

"మేతలో కలిపే ఎంజైమ్ పొడి అమ్ముతానమ్మా."

"అమ్మండి, ఎవరొద్దన్నారు? మా మూలల సంగతి మాకు తెలుసు. మా అన్నయ్య ఉంటేనా..."

మాట మధ్యలోనే ఆపి ఆమె మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆమె గౌన్లు తొడుక్కునే వయసులో అన్నయ్యే మూలలు తొక్కేవాడు. తన బరువు చాలదని లేగదూడను మెడమీద వేసుకుని మరీ తొక్కేవాడు. ఓసారి జారిపడ్డాడు. దూడ కాలు విరిగింది.

"మళ్ళీ ఈ గడప తొక్కావంటే చూడు!" అన్నాడు నాన్న.

అన్నయ్య మాట పట్టింపు మనిషి. ఆ పూటే వెళ్ళిపోయాడు.

దూడ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, ఇల్లరికం వచ్చిన భర్తకు కూడా. పాతర నింపే రోజున మాత్రం ఏటా గేటు వైపు చూస్తూనే ఉంటుంది.

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"తెలిస్తే వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. నాన్న కూడా పోయేముందు అన్నయ్యనే కలవరించాడు."

పొడి అమ్మే అతను గేటు తీసుకుని వచ్చి, బకెట్ నీళ్ళలో పొడి కలిపి మేతమీద చల్లాడు.

"ఇది పీచును కరిగించి తీపి చేస్తుంది. ఆ తీపి పులిస్తేనే మేత నిలవుంటుంది. గాలి దూరితే మాత్రం అంతా బూజే. మూలలు నేను తొక్కుతాను, కాస్త టీ పెట్టమ్మా."

మొహమాటం లేని మనిషే అనుకుంటూ, భర్తను పాతర దగ్గర ఉండమని ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

"లోపలికొచ్చి తాగండి," అంది తిరిగొచ్చి.

"వద్దమ్మా, కాళ్ళనిండా పసరు."

బయటే నిలబడి తాగాడు.

"మళ్ళీ ఏడాది వస్తారుగా?"

"ఇదే ఆఖరమ్మా. ఉద్యోగం అయిపోయింది."

ఎండలు ముదిరాక భర్త పాతర మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా లాగాడు. తియ్యటి పులుపు వాసన గుప్పుమంది. ఆవులు తాళ్ళు తెంపుకునేలా ఉన్నాయి.

"పిడికెడు బూజు లేదు! అన్నయ్య చూస్తే ఎంత మురిసిపోయేవాడో," అందామె, అలవాటుగా గేటు వైపు చూస్తూ.

భర్త నవ్వాడు.

"అంతా ఆ పొడాయన చలవే. నువ్వు అరుస్తావని అప్పుడు చెప్పలేదు కానీ, నువ్వు టీ పెట్టే లోపల మన లేగదూడను మెడమీద వేసుకుని మరీ మూలలు తొక్కాడు!"