ఎర్రపూత గుండ్లు

ఎర్రపూత గుండ్ల ఆఖరి డబ్బా మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

ఒకటి వెర్లీన్‌ది. రెండోది ఎవరో పెద్దావిడది. నెరిసిన జడ, వెలిసిపోయిన టోపీ.

"నేను ముందు చూశానండీ," అంది వెర్లీన్, చెయ్యి తియ్యకుండా.

"చూడ్డానికేం, నేనూ చూశాను," అంది పెద్దావిడ. ఆవిడా తియ్యలేదు.

నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల పిస్టల్ పోటీలకు వెళ్ళేవాళ్ళలో రాగి తొడుగు గుండ్లు కొనలేనివాళ్ళంతా డెల్మర్ షెడ్డుకే వస్తారు. అతను సీసంతో గుండ్లు పోసి, రంగుపూత పూసి, పొయ్యిలో కాల్చి అమ్ముతాడు. కొన్నవాళ్ళు పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్లో మందు నింపి, ఆ గుండ్లు బిగించి, ఎవరి తూటాలు వాళ్ళు చేసుకుంటారు.

"ఇంకో పోత పొయ్యవయ్యా డెల్మర్," అంది వెర్లీన్.

"పూత కాల్చే పొయ్యి పాడైంది. అది బాగయ్యేసరికి రాష్ట్రపోటీ అయిపోతుంది."

వెర్లీన్ డబ్బాని ఇంకా గట్టిగా పట్టుకుంది. బడి వంటశాలలో పిల్లలకు చిల్లీ అనే మాంసం కూరా, దాల్చినచెక్క రోల్సూ వడ్డించే మనిషి ఆమె. ఈ ఏడు మొదటిసారి రాష్ట్రపోటీకి వెళుతోంది. ఆడవాళ్ళ కప్పు కొట్టి తీరాలని పట్టు. "రంగేసిన గుండ్లతోనా? అవేమన్నా పండక్కి రంగులేసే ఈస్టర్ గుడ్లనుకున్నావా?" అని క్లబ్బులో మగాళ్ళు ఇప్పటికే నవ్వుతున్నారు.

"ఇవే కావాలని పంతమెందుకు?" అడిగింది పెద్దావిడ. "బజార్లో పచ్చవి ఇంకా చవక కదా."

"పచ్చవాటిని గోళ్ళరంగు తుడిచే మందుతో రుద్దాను. గుడ్డకి రంగంటింది. అంటే పూత సరిగా కాలలేదు. నల్లవాటిని సుత్తితో కొట్టాను. పెచ్చులూడాయి. ఇవి మాత్రం అప్పచ్చుల్లా అణిగాయి గానీ పూత వదల్లేదు. పైగా నా పిస్టల్‌కి నచ్చినవీ ఇవే. వరసగా పేల్చినా చిల్లులన్నీ కాఫీ గ్లాసు మూత కింద దాచెయ్యొచ్చు, అంత దగ్గరగా పడతాయి."

"ఎవరు నేర్పారివన్నీ?"

"ఎవరు నేర్పుతారండీ? చెడగొట్టుకుని నేర్చుకున్నాను." వెర్లీన్ తల కాస్త పైకి లేచింది.

పెద్దావిడ ఆమెకేసి కాసేపు చూసింది. డబ్బా మీంచి చెయ్యి తీసేసింది.

"తీసుకో తల్లీ."

"అదేంటి ఇడెల్లా, అది లేకుండా నువ్వు పోటీలో..." డెల్మర్ నోరు తెరిచాడు.

"నీ సీసం చల్లారిపోతోంది, ముందది చూసుకో!" కసిరింది ఇడెల్లా. మూలనున్న బకెట్టులోంచి, పూత సరిగా అంటక మచ్చలు పడి మిగిలిపోయిన గుండ్లు సంచిలో పోయించుకుంది.

"వాటితో గోడక్కూడా తగలదండీ," అంది వెర్లీన్, డబ్బా దక్కిన హుషారులో.

"గోడని కొట్టి మనమేం చేసుకుంటాంలే," అంది ఇడెల్లా.

రాష్ట్రపోటీ నాడు, అట్టలూ ఇనపపలకలూ నిలబెట్టిన ఒక్కో అంకం దగ్గరికీ కలిసి వెళ్ళి వంతులవారీగా కాల్చే గుంపుల్లో, ఇద్దరూ ఒకే గుంపులో పడ్డారు.

వెర్లీన్ కన్ను మాత్రం నీలంచొక్కా అమ్మాయి మీదుంది. చొక్కా నిండా కంపెనీల గుర్తులు, పెట్టె నిండా మెరిసే రాగి గుండ్లు. పోయినేటి విజేత ఆ పిల్లే అయ్యుంటుందనుకుంది.

ఇడెల్లా మాత్రం ఎవరు కాల్చినా పరుగెత్తుకెళ్ళి గురి అట్టల మీద పడ్డ చిల్లులు మూసేలా టేపు అంటిస్తోంది. తరవాతి వంతు తనదే అయినా ఆగడం లేదు. వంతు దగ్గరపడ్డవాళ్ళకి ఆ పని ఉండదని కూడా తెలియదంటే, మనిషి ఒట్టి కొత్త అని వెర్లీన్ తేల్చేసుకుంది.

అంకం అంకానికీ మధ్య ఇడెల్లా, ఖాళీ తుపాకులు బయటికి తియ్యడానికి పెట్టిన సేఫ్టీ బల్ల దగ్గరికి వెళ్ళి పిస్టల్ గొట్టాన్ని బ్రష్షుతో తోముకుంటోంది.

"పొద్దున్నించీ పళ్ళు తోముతూనే ఉన్నారు!" అంది వెర్లీన్.

"మచ్చల గుండ్లు కదమ్మా, సీసం గొట్టానికి పట్టేస్తోంది. నీవెలా పోతున్నాయి?"

"వెన్నలా."

"అదీ మాట!"

చివరి అంకంలో వెర్లీన్ కొట్టిన ఇనపపలకలన్నీ ఒకదాని వెనక ఒకటి గణగణమంటూ పడిపోయాయి. ఒక్క గుండూ వృథా కాలేదు. ఆ తరవాత ఇడెల్లా వంతు. ఆఖరి పలక మొదటి దెబ్బకు పడలేదు. రెండోది వెయ్యాల్సి వచ్చింది.

"ఫరవాలేదండీ, కొత్తలో అంతే," అంది వెర్లీన్ ఆవిడ భుజం తట్టి.

ఇడెల్లా పిస్టల్ సంచిలో పెట్టుకుని, మళ్ళీ టేపు చుట్ట అందుకుంది.

సాయంత్రం గుడారం కింద అందరూ చేరారు. క్లబ్బు మగాళ్ళు కాగితపు గ్లాసుల్లో కాఫీ పట్టుకుని నిలబడ్డారు. నిర్వాహకుడు మైకులో చదివాడు.

"ఆడవాళ్ళ కప్పు, వెంట్రుకవాసి తేడాతో, వెర్లీన్ హోక్స్‌ట్రా!"

"ఈస్టర్ గుడ్లు గెలిచాయిరోయ్!" అని ఎవరో అరిచారు. నవ్విన నోళ్ళే ఈలలు వేశాయి.

వెర్లీన్ తలెత్తుకుని నడిచింది. వేదిక ఎక్కి, ఇడెల్లా కోసం కుర్చీలన్నీ వెతికింది. కనబడలేదు. పాపం, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయినట్టుంది. డెల్మర్‌ని అడిగి ఆవిడ ఇల్లు కనుక్కోవాలి, గుండ్లు ఎలా ఎంచుకోవాలో దగ్గర కూర్చుని నేర్పాలి అనుకుంది.

"మన ఆనవాయితీ ప్రకారం," అన్నాడు నిర్వాహకుడు, "పోయినేటి విజేత తన చేత్తో కప్పు అందిస్తారు."

వెర్లీన్ నీలంచొక్కాకేసి తిరిగింది. ఆ పిల్ల కుర్చీలోంచి కదలకుండా, అందరితోపాటు చప్పట్లు కొడుతోంది.

తళతళలాడేలా తుడిచిన కప్పును రెండు చేతులా ఎత్తి పట్టుకుని, తానే మళ్ళీ గెలిచినంత గర్వంగా నవ్వుతూ, గుడారం వెనకనుంచి ఇడెల్లా వచ్చింది.